ఏడేళ్ల గేమింగ్ సిస్టమ్: భాగాలు మార్చాలా, మొత్తం మార్చాలా?

మీరు పంపిన వివరాలు చదివాను. 2018 చివర్లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. అందులో రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ450 బోర్డు, ఒకే స్టిక్‌గా 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060 కార్డు, విండోస్ కోసం 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆటలన్నిటికీ 1 టీబీ హార్డ్ డిస్క్, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె), 75 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్. వాలొరంట్‌లో పదిమంది ఒకచోట చేరగానే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరమీదకు వచ్చే బొమ్మల సంఖ్య) పడిపోతోందనీ, సైబర్‌పంక్ 2077లో కారు వేగంగా నడిపితే బొమ్మ ఆగి ఆగి కదులుతోందనీ, దుకాణంవారు పాతదానిమీద ఏం పెట్టినా దండగేనని 85 వేలకు కొత్త సిస్టమ్ కొటేషన్ ఇచ్చారనీ, మీ దగ్గర ఉన్నది 40 వేలేననీ, ఆ డబ్బుతో ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు కొనేద్దామా అనీ అడిగారు. ఇరవై ఏళ్లుగా సికింద్రాబాద్‌లో సిస్టమ్‌లు బిగించి విప్పుతున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ బోర్డుకు ఇంకా ఆయుష్షు ఉంది, కాబట్టి దుకాణంవారి మాట వినవద్దు. మీరు అనుకుంటున్న వరుసలో గ్రాఫిక్స్ కార్డు మొదట రాకూడదు, కాబట్టి మీ మాట కూడా కొంచెం పక్కన పెట్టండి.

సిస్టమ్ పాతబడిందని అందరూ తేలికగా అంటారు గాని, మీ ప్రాసెసర్ 2018లో సెకనుకు ఎన్ని లెక్కలు చేసేదో ఇవాళా అన్నే చేస్తుంది. దుమ్ము వల్ల వేడెక్కి వేగం తగ్గించుకుంటూ ఉండాలి, లేదా ఆటలు అడిగేది పెరిగి ఉండాలి. మొదటిదానికి ఖర్చు లేదు. రెండోదానికి ఉంది, అయితే ఆట ఏ భాగాన్ని ఎక్కువగా అడుగుతోందో తెలియకుండా డబ్బు పెడితే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. మీ విషయంలో సైబర్‌పంక్ మంచి ఉదాహరణ. ఆ ఆట తయారీదారులు 2023లో కనీస అవసరాలను సవరించారు. ఆ పట్టికలో ప్రాసెసర్ దగ్గర రైజెన్ 5 1600, గ్రాఫిక్స్ కార్డు దగ్గర 6 జీబీ జీటీఎక్స్ 1060 ఉన్నాయి. అంటే అచ్చంగా మీ సిస్టమే. కానీ అదే పట్టికలో ర్యామ్ 12 జీబీ ఉండాలనీ, ఆట ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలనీ కూడా ఉంది. మీరు నిందిస్తున్న రెండు భాగాలు గీతమీదనైనా పాసయ్యాయి, మీరు పట్టించుకోని రెండు భాగాలు తప్పాయి. కారు వేగంగా పోతున్నప్పుడు ముందున్న వీధుల సమాచారాన్ని డిస్క్ నుంచి ఎప్పటికప్పుడు తెచ్చుకోవాలి. హార్డ్ డిస్క్ అంత వేగంగా అందించలేదు, 8 జీబీ ర్యామ్‌లో ముందుగా తెచ్చి పెట్టుకోవడానికి చోటూ లేదు. అక్కడ ఎంత ఖరీదైన కార్డు పెట్టినా ఆ ఆగడం పోదు.

కొనుగోలు ఆలోచన మొదలుపెట్టే ముందు రెండు సాయంత్రాలు కొలతలకు కేటాయించండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో పాటు వచ్చే రివాట్యూనర్ ఉచితంగా దొరుకుతాయి. గ్రాఫిక్స్ కార్డు వినియోగం, దాని ఉష్ణోగ్రత, వీడియో మెమొరీ, ర్యామ్, ప్రాసెసర్‌లో ఒక్కొక్క థ్రెడ్ (అది ఒకేసారి నడిపే పనుల వరుసల్లో ఒకటి) వినియోగం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో బొమ్మకు పట్టే సమయం) గీత తెరమీద కనపడేలా పెట్టుకుని మీరు రోజూ ఆడే ఆటలనే అరగంట చొప్పున ఆడండి. కార్డు వినియోగం ఎప్పుడూ 95 శాతం పైనే ఉంటే ఆ ఆటకు కార్డే అడ్డు. అది 60, 70 శాతం దగ్గర తచ్చాడుతూ ఎఫ్‌పీఎస్ కూడా తక్కువగా ఉంటే కార్డు ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ పని అందించేదాకా ఎదురు చూస్తోందని అర్థం. అయితే వీ సింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) గాని, ఎఫ్‌పీఎస్ పరిమితి గాని పెట్టి ఉంటే కూడా అలాగే కనిపిస్తుంది కాబట్టి వాటిని ముందు తీసేయండి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే ఉంది కదా, దాని తప్పేముంది అని చాలామంది పొరబడతారు. మీ ప్రాసెసర్‌కు 12 థ్రెడ్‌లు ఉన్నాయి. ఆట ప్రధానంగా ఒక్క థ్రెడ్ మీద ఆధారపడి అది పూర్తిగా నిండిపోయినా, మొత్తం లెక్కలో అది 8 శాతమే అవుతుంది. ఇంకా అనుమానం ఉంటే ఆట రిజల్యూషన్‌ను 720పీకి దించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే భారం కార్డుదే, ఏమాత్రం కదలకపోతే ప్రాసెసర్‌ది. వాలొరంట్‌లో మీకు కదలదని దాదాపు ఖాయంగా చెప్పగలను, ఎందుకంటే అది కార్డును పెద్దగా అడగని ఆట.

ఆ కొలతల కంటే కూడా ముందు మూత తీసి చూడండి. మన ఊళ్లలో మే నెలలో గదిలోనే 38, 40 డిగ్రీలుంటే లోపలి భాగాలు ఏ గాలితో చల్లబడాలి? జీటీఎక్స్ 1060 సాధారణంగా 83 డిగ్రీల దగ్గర తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, దానిమీద ఏడేళ్ల దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంటే ఆ గీతను ఐదు నిమిషాల్లో చేరుతుంది. బ్లోయరుతో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే అవి విపరీతంగా తిరిగి బేరింగులు పాడవుతాయి. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఈపాటికి ఎండి సుద్దలా అయి ఉంటుంది, దాన్నీ మార్చండి. తరువాత బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ర్యామ్ వేగం చూడండి. 3000 అని రాసి ఉన్న స్టిక్ కూడా ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (స్టిక్‌ను దానిమీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 2133 లేదా 2400 వేగంతోనే నడుస్తుంది, పైగా రైజెన్ లోపలి అనుసంధానం ర్యామ్ వేగంతోనే ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ నష్టం వీటిలో ఎక్కువ. ఇన్నేళ్లుగా నా దగ్గరకు వచ్చిన పాత రైజెన్ సిస్టమ్‌లలో సగానికి పైగా ఇలాగే ఉండేవి. విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలో మానిటర్ 60 దగ్గర ఆగిపోయి ఉందో, 75 దగ్గర ఉందో కూడా చూసుకోండి. నవ్వుకోవచ్చు గాని, నేనే ఒకసారి నెల రోజులు చూసుకోలేదు.

ఇక ఖర్చు. మొదటి రూపాయి డిస్క్‌కు, ర్యామ్‌కు వెళ్లాలి. మీ బోర్డులో ఎం.2 స్లాట్ ఉంటుంది. అందులో 1 టీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్, ఆటలు రెండూ దానిమీదే వేసుకోండి. మీ బోర్డులో డిస్క్‌కు, కార్డుకు ఉండే దారి పాత పీసీఐ 3.0 తరానిది కాబట్టి అత్యంత వేగవంతమైన ఎస్‌ఎస్‌డీకి అదనంగా చెల్లించడం వృథా. ర్యామ్ విషయంలో రెండో 8 జీబీ స్టిక్ చేర్చడం వల్ల 16 జీబీ కావడంతో పాటు డ్యుయల్ ఛానల్ (రెండు స్టిక్‌లనూ ఒకేసారి వాడుకోవడం) వస్తుంది, మొదటి తరం రైజెన్‌కు అది కంటికి కనిపించే తేడా. స్టిక్‌లు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్‌లలో ఉండాలి. వేర్వేరు రకాల స్టిక్‌లు కలిస్తే పాత రైజెన్ మొరాయించడం మామూలే కనుక ఉన్న స్టిక్ మోడల్ నంబరు రాసుకుని అలాంటిదే వెతకండి, దొరకకపోతే పాతది అమ్మేసి జత కొనండి. ర్యామ్ ధరలు మాత్రం మీకు షాక్ ఇస్తాయి. 2025 చివరి నెలల నుంచి మెమొరీ తయారీదారులు ఏఐ డేటా సెంటర్ల ఆర్డర్లకు మొగ్గు చూపడంతో డీడీఆర్5తో పాటు డీడీఆర్4 కూడా విపరీతంగా పెరిగింది. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ తన క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఈ ఒక్క కారణం చాలు, డీడీఆర్5 తప్పనిసరి అయిన కొత్త సిస్టమ్‌కు ఇప్పుడు వెళ్లవద్దని మీతో అనడానికి.

తరువాత ప్రాసెసర్. ఇక్కడే మీరు అదృష్టవంతులు. 2016లో వచ్చిన ఏఎం4 సాకెట్‌ను (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఏఎండీ చాలా ఏళ్లు లాగింది. 2020 మే నెలలో రైజెన్ 5000 వరుసను బీ450 బోర్డుల మీద నడపనివ్వబోమని ముందు చెప్పింది, వాడేవాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో అదే నెలలో మాట మార్చుకుంది. ఆ మాట మార్పు ఇవాళ మీకు పనికొస్తోంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600 మీ బోర్డులోనే కూర్చుంటుంది. దానికీ ఆరు కోర్లే, పన్నెండు థ్రెడ్‌లే కదా, మారేదేమిటి అనిపించవచ్చు. మీ 1600లో కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపుకు 8 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే అతివేగపు మెమొరీ). ఒక గుంపులోని కోర్‌కు రెండో గుంపులో ఉన్న సమాచారం కావాలంటే చుట్టు తిరిగి వెళ్లి తెచ్చుకోవాలి. 5600లో ఆరు కోర్లూ ఒకే 32 ఎంబీ క్యాష్‌ను పంచుకుంటాయి, గరిష్ఠ వేగం 3.6 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌కు పెరుగుతుంది, పైగా ఒక్కో సైకిల్‌లో చేసే పని కూడా ఎక్కువ. ఒక్క థ్రెడ్ మీద ఆధారపడే వాలొరంట్ లాంటి ఆటలకు కావలసింది సరిగ్గా ఇదే. పేరు దగ్గరగా ఉందని 5500 కొనవద్దు. దానిలో క్యాష్ సగమే. 96 ఎంబీ క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ ఆటలకు ఇంకా మేలైనది గాని, అది ఇప్పుడు న్యాయమైన ధరకు దొరకడం కష్టం, 75 హెర్ట్జ్ మానిటర్‌కు అంత అవసరమూ లేదు.

ప్రాసెసర్ మార్చడంలో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో మీ బోర్డు పేరు, దాని రివిజన్ సరిచూసుకుని బయోస్ అప్‌డేట్ చేయాలి; ముందు ప్రాసెసర్ మార్చి తరువాత అప్‌డేట్ చేద్దామంటే తెరమీద ఏమీ రాదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు కాబట్టి యూపీఎస్ మీద, లైన్ నిలకడగా ఉండే సమయం చూసి చేయండి. లైన్‌మన్‌తో పరిచయం ఉంటే ఆ రోజు మరమ్మతులేమైనా ఉన్నాయేమో అడగడంలో తప్పు లేదు. రెండోది, ఏఎం4లో పిన్‌లు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్ట్ జిగురులా పట్టేసి ఉంటే, హీట్‌సింక్‌ను నేరుగా పైకి లాగినప్పుడు లాక్ వేసి ఉన్న సాకెట్ నుంచి ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్‌లు వంగుతాయి. పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి వేడెక్కించి, సిస్టమ్ ఆపి ప్లగ్ తీసేసి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులైన తరువాతే ఎత్తండి. 1600తో పెట్టెలో వచ్చిన వ్రెయిత్ స్పైర్ కూలర్ మీ దగ్గర ఉంటే దాన్నే 5600కు వాడుకోండి, కొత్తదానితో వచ్చే స్టెల్త్ కంటే అది పెద్దది.

ఈ మార్పుతో మరో చిక్కు కూడా విడిపోతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్ల వాడుకరులకు భద్రతా అప్‌డేట్‌లు 2026 అక్టోబరు వరకే. విండోస్ 11 అధికారిక జాబితాలో రైజెన్ 1600 లేదు, 5600 ఉంది. బయోస్‌లో ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు ఆన్ చేయడం మరిచిపోకండి, ఎందుకంటే విండోస్ 11 మీద వాలొరంట్ ఆ రెండూ లేకపోతే తెరుచుకోదు. పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే సెక్యూర్ బూట్ పనిచేయదు గాని, కొత్త ఎస్‌ఎస్‌డీ మీద శుభ్రంగా విండోస్ వేసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

ఇప్పుడు మీరు మొదట అడిగిన గ్రాఫిక్స్ కార్డు. పైన చెప్పిన డిస్క్, ర్యామ్, ప్రాసెసర్‌కు మీ 40 వేలలో సగానికి అటూ ఇటూగా అవుతుంది. ధరలు వారం వారం మారుతున్నాయి కనుక ఒక్కో అంకె వేయడం లేదు. ఆ పని చేశాక మూడు, నాలుగు నెలలు ఆడండి. జీటీఎక్స్ 1060 నిజంగా ముగింపుకు వచ్చిన కార్డే, అందులో సందేహం లేదు. ఆ తరం కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడాన్ని ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపింది. భద్రతకు సంబంధించిన అప్‌డేట్‌లు మాత్రం మూడు నెలలకోసారి చొప్పున 2028 అక్టోబరు వరకు ఇస్తానంది. 2025లో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటి ఆటలకు రే ట్రేసింగ్ (వెలుతురు దారిని లెక్కగట్టే పద్ధతి) హార్డ్‌వేర్ తప్పనిసరి, అది లేని 1060 మీద అవి అసలు నడవవు. అయినా ఆగమంటున్నాను, ఎందుకంటే మీరు ఆడే ఆటలకు అదే కార్డు ఇంకొంతకాలం చాలవచ్చు, ఆ లోపు మిగిలిన డబ్బుకు కొంత కలుస్తుంది.

కొనేటప్పుడు మీ బోర్డు పీసీఐ 3.0 తరానిదన్న విషయం గుర్తుంచుకోండి. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు బోర్డుతో నాలుగు లేన్‌లతోనే (సమాచారం నడిచే దారులతోనే) మాట్లాడుతుంది, మీ బోర్డులో ఆ దారి ఇంకా సగమవుతుంది. దాని జోలికి వెళ్లవద్దు. 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 ఎనిమిది లేన్‌లది, 145 వాట్లది, ఫుల్ హెచ్‌డీకి బాగానే ఉంటుంది గాని, వీడియో మెమొరీ నిండి ర్యామ్ మీద ఆధారపడినప్పుడు పాత బోర్డులో నష్టం పెరుగుతుంది. 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ పదహారు లేన్‌లూ వాడుతుంది, మెమొరీ కూడా రెట్టింపు. ధర తేడా భరించగలిగితే మీ బోర్డుకు నేను దాన్నే ఎంచుకుంటాను. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ మెమొరీ ఉన్నా, అది ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుంది, 5600తో కూడా కొన్ని ఆటల్లో వెనుకబడుతుంది.

కార్డుతో పాటు ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చండి. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక దగ్గరి బంధువు సిస్టమ్‌లో కొత్త కార్డు బిగించాను. ఎస్‌ఎంపీఎస్ మీద 500 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంది కదా అని ఊరుకున్నాను. మూడో రోజు రాత్రి టప్పుమని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్‌తో పాటు బోర్డు కూడా పోయింది. తరువాత దాని లేబుల్ చదివితే 12 వోల్టుల లైన్‌లో 18 యాంపియర్లని ఉంది, అంటే 216 వాట్లే. కార్డుకు, ప్రాసెసర్‌కు కావలసినది ఆ లైన్‌లోనే వస్తుంది, పెట్టెమీద ఉన్న అంకె మొత్తం కాదు. మీది పేరున్న కంపెనీదే కావచ్చు, లెక్క ప్రకారం 450 వాట్లు చాలవచ్చు కూడా. అయినా ఏడు వేసవులు చూసిన కెపాసిటర్లను నమ్మి కొత్త కార్డు పెట్టను. 1060కు ఆరు పిన్‌ల ప్లగ్ చాలు, కొత్త కార్డులకు ఎనిమిది కావాలి. అది లేదని మోలెక్స్ (పాత నాలుగు పిన్‌ల ప్లగ్) కన్వర్టర్ వేసే దుకాణం కనిపిస్తే కార్డు పెట్టెలోనే పెట్టుకుని బయటికి వచ్చేయండి.

నా సలహా ఎప్పుడు తలకిందులవుతుందో కూడా చెప్పాలి. మీ స్థానంలో ఐ5 7400, హెచ్110 బోర్డు ఉన్నవారు అడిగి ఉంటే ప్రాసెసర్, ర్యామ్ మీద ఒక్క రూపాయి పెట్టవద్దనేవాణ్ణి. ఆ బోర్డులో ఎక్కగలిగే చివరి మంచి ప్రాసెసర్ ఐ7 7700. సెకండ్ హ్యాండ్‌లో దానికి అడిగే ధర న్యాయంగా ఉండదు, విండోస్ 11 జాబితాలోనూ అది లేదు. అలాంటివారు కొత్త బోర్డులోకి తీసుకెళ్లగలిగిన ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, కార్డు మాత్రమే కొనుక్కుంటూ ఆగాలి. మీరు కూడా 1440పీ, 165 హెర్ట్జ్ మానిటర్ వైపు వెళ్లాలనుకుంటే లెక్క మారుతుంది, అప్పుడు ఈ 5600 రెండు మూడేళ్ల మజిలీ మాత్రమే. జీటీఏ 6 కోసం ఇప్పుడే సిద్ధం కావాలా అని చివర్లో అడిగారు. ప్రకటించినది ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకే. జీటీఏ 5 కన్సోళ్ల మీద 2013 సెప్టెంబరులో వస్తే పీసీ మీదకు 2015 ఏప్రిల్‌లో వచ్చింది. పీసీ మీదకు ఎప్పుడొస్తుందో కూడా చెప్పని ఆట కోసం ఈనాటి ధరలకు కార్డు కొనడం పెళ్లికూతురు కుదరకముందే షామియానాకు అడ్వాన్సు ఇవ్వడం లాంటిది.

ఖర్చు తగ్గించుకోవడానికి సీటీసీలో (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్) గాని, తెలిసినవారి దగ్గర గాని సెకండ్ హ్యాండ్ 5600 కొనడానికి నాకు అభ్యంతరం లేదు. ప్రాసెసర్లు అంత తేలికగా పాడవవు, పిన్‌లు వెలుతురులో చూసుకుంటే చాలు. ర్యామ్‌ను కూడా ఒక రాత్రి మెమ్‌టెస్ట్ అనే పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి చూసి తీసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తవే, జీఎస్టీ బిల్లుతోనే తీసుకోండి. పాత 1600ను బయోస్ స్థిరంగా నడుస్తోందని తేలిన తరువాత అమ్మేయండి. 1060ను మాత్రం కొత్త కార్డు వచ్చిన వెంటనే అమ్మకండి. 1600లో గాని, 5600లో గాని లోపల గ్రాఫిక్స్ ఉండదు. కొత్త కార్డు వారంటీలో సర్వీస్ సెంటర్‌కు వెళితే తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు, అన్నాళ్లూ మానిటర్‌లో బొమ్మ రావాలంటే అలమరలో ఆ పాత కార్డు ఉండాలి.